బడికొచ్చే మైనింగ్ వ్యాను: పిలవండి, కానీ ప్రశ్నలు ముందే పంపండి

మా విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు హైస్కూళ్లకి ఈమధ్య ఒక గనుల కంపెనీ వాళ్లు వ్యాను వేసుకుని వస్తున్నారు. పిల్లలకి మైనింగ్ మీద మంచి అభిప్రాయం కలిగించాలని పెట్టుకున్న కార్యక్రమం. మొదటిరోజు బడిలో, రెండోరోజు గని దగ్గర. మనం పైసా కట్టక్కర్లేదు, బస్సు, భోజనం అంతా వాళ్లదే. మా బడికీ వచ్చారు. నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను కాబట్టి తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని రెండురోజులూ నేనే దగ్గరుండి చూసుకున్నాను. పిలవొచ్చా మాస్టారూ అని చుట్టుపక్కల బడుల నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడ్డా ఇలాంటి కార్యక్రమం ఎవరు నడిపినా పనికొస్తాయి.

ముందుగా ఒక్కమాట, పిలవండి. పిల్లలకి ఉపయోగం ఉంది. కానీ వాళ్లు పెట్టింది పెట్టినట్టు తీసుకోకండి.

వాళ్లతో నాకున్న పెద్ద పేచీ మొదట్లోనే వచ్చింది. వచ్చినాయన మైకు పట్టుకుని, గని అంటే ఏంటో ఎప్పుడూ చూడని పిల్లలకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. పట్నంలో అయితే సరిపోయేదేమో. ఇక్కడ ఎవరికి చెప్తున్నారు? దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే మన కోడూరులో, 1892లో. అక్కడ దొరికిన ఒక రకం రాయికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరైట్ అని మన ఊరి పేరే పెట్టాడు, ఆయన 1909లో వేసిన పుస్తకం చదివినవాళ్లకి ప్రపంచంలో ఎక్కడున్నా కోడూరు పేరు తెలుస్తుంది. ఉక్కులో కలిపే మిశ్రలోహాలు చేసే ఫేకర్ ఫ్యాక్టరీ గరివిడిలో 1950ల్లోనే పెట్టారు. విశాఖ స్టీల్ ప్లాంటుకి గర్భాంలో సొంత మాంగనీసు గని ఉంది. ఈ బెల్టులో ఏ తరగతి గదిలోకి వెళ్లి అడిగినా తాతో, మేనమామో, పెద్దమ్మో రాయి పనికి వెళ్లినవాళ్లే కనిపిస్తారు. ఈ పిల్లలకి టిప్పర్ల దుమ్ము తెలుసు, తవ్వి వదిలేసిన గోతుల్లో నిలిచిన నీళ్లు తెలుసు, వారం కూలి చేతికొచ్చినరోజు ఇంట్లో ఉండే సందడీ తెలుసు. వాళ్ల అభిప్రాయాలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. "మీ ఇళ్లలో గని పనికి వెళ్లినవాళ్లు ఎవరున్నారు, ఏం చెప్పారు" అని మొదట అడిగి ఉంటే సగం పని అక్కడే అయిపోయేది. ఆ ప్రశ్న రెండురోజుల్లో వాళ్లలో ఎవరూ అడగలేదు, చివరికి మూడో పీరియడ్ తర్వాత నేనే లేచి అడిగాను. చేతులు వరసగా లేచాయి.

వ్యానులో పెద్ద టీవీ, కళ్లకి తగిలించుకునే వీఆర్ అద్దాలు, క్విజ్, టీషర్టులు ఉన్నాయి. వీఆర్ అద్దాల్లో ఎక్కడో విదేశంలో ఉన్న భూగర్భ గని చూపించారు. పిల్లలు కేకలు వేశారు, సరదా పడ్డారు, అంతే. వీడియో మొత్తం పాట, డ్రోన్ షాట్లు. దాని గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

అసలు సంగతి రాళ్ల పెట్టె. ఇది మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివిన ఒక అమ్మాయి దీన్ని నడిపింది. మైకు పక్కన పెట్టేసి, బెంచీలు గుండ్రంగా వేయించి, పెట్టె మధ్యలో పెట్టి, "నేను పేర్లు చెప్పను, మీరే కనిపెట్టండి" అంది. ఒక చేతిలో పలుగురాయి, ఇంకో చేతిలో అదే సైజు నల్లరాయి. పలుగురాయి సాంద్రత రెండున్నర పైచిలుకు, మంచి మాంగనీసు రాయిది నాలుగు దాటుతుంది, అంటే చేతికి ఒకటిన్నర రెట్ల పైనే బరువు తెలుస్తుంది. సాంద్రత పాఠం నేను ఎన్నేళ్లుగా బోర్డు మీద చెప్తున్నానో గానీ, ఆ రెండు రాళ్లు పట్టుకున్నప్పుడు పిల్లల మొహాల్లో కనిపించిన ఆశ్చర్యం నా పాఠంలో ఎప్పుడూ చూడలేదు. తర్వాత బాత్రూం టైలు వెనక్కి తిప్పి, ఆ గరుకు వైపు రాయితో గీయించింది. పలుగురాయి గీత పడలేదు, టైలునే గీసింది. మాంగనీసు నల్లటి గీత, చేతివేళ్లకి కూడా మసి. ఎర్రటి ఇనుపరాయి గీత మెరూన్ రంగు. "రాయి పైన కనిపించే రంగు మోసం చెయ్యొచ్చు, గీత చెయ్యదు" అని ఆ అమ్మాయి చెప్పిన మాట పిల్లలు నోట్సుల్లో రాసుకున్నారు.

అదే పెట్టెలో టెక్కలి నీలం గ్రానైట్ ముక్క ఒకవైపు పాలిష్ పట్టి, రెండోవైపు వదిలేసి పెట్టారు. శ్రీకాకుళం తీరం ఇసుక ఒక సీసాలో ఉంది, అందులోని నల్లటి రేణువుల్ని బలమైన అయస్కాంతంతో పక్కకి లాగి, ఇది ఇల్మనైట్, దీన్నుంచి తీసే టైటానియం డయాక్సైడ్ వల్లే మీ గోడ మీద తెల్లరంగు అంత తెల్లగా ఉంటుంది అంటే ఎవరూ నమ్మలేదు. ఖొండలైట్ ముక్క కూడా చూపించింది, మన తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరొచ్చిందని, కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఆ రాయితోనే అని చెప్పింది. మన జిల్లాల రాళ్లతో ఇంత పాఠం ఉంటే వీఆర్ అద్దాలకి డబ్బులెందుకు తగలేశారో నాకు అర్థం కాలేదు. ఆ డబ్బుతో ప్రతి బడికీ ఒక రాళ్ల పెట్టె, నాలుగు టైలు ముక్కలు, ఒక స్ప్రింగ్ త్రాసు ఇచ్చి వెళ్లండి, ఏళ్ల తరబడి వాడుకుంటాం.

బిస్కెట్ ఆట గురించి చెప్పాలి. ఇది చాలా దేశాల్లో బడిపిల్లల చేత ఆడించేదే. చాక్లెట్ ముక్కలున్న బిస్కెట్ ఒకటి, టూత్‌పిక్ ఒకటి, గళ్ల కాగితం ఒకటి ఇస్తారు. బిస్కెట్ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి, అది మన లీజు భూమి అనుకోవాలి. బిస్కెట్‌కి, పనిముట్లకి, పట్టిన సమయానికి ఉత్తుత్తి డబ్బులు కట్టాలి, తీసిన చాక్లెట్‌కి ఆదాయం రావాలి. చివర్లో మిగిలిన పొడినంతా టూత్‌పిక్‌తోనే, చేత్తో ముట్టుకోకుండా, గీసిన గీత లోపలికి సర్దాలి. గీత బయట ఉన్న ప్రతి గడికీ జరిమానా. ఆట ప్రాణం ఆ ఆఖరి భాగంలోనే ఉంది. తవ్విన భూమిని మళ్లీ సర్దడానికి ఎంత ఖర్చవుతుందో, ఎందుకు చాలామంది సర్దకుండా వెళ్లిపోవాలని చూస్తారో అక్కడే పిల్లలకి తెలుస్తుంది. వీళ్లు ఆ భాగం తీసేశారు! చాక్లెట్ ఎవరు ఎక్కువ తీశారో లెక్కపెట్టి టీషర్టు ఇచ్చి, భోజనానికి పంపేశారు. నేను అడిగితే టైమ్ లేదన్నారు. కార్యక్రమం అయిపోయిన మర్నాడు నా పీరియడ్‌లో కొత్త ప్యాకెట్ తెప్పించి ఆ భాగం నేనే ఆడించాను. ఆరోజు టీషర్టు గెలిచిన కుర్రాడికే జరిమానా అందరికన్నా ఎక్కువ పడింది, అక్కడి నుంచి తరగతిలో జరిగిన వాదన రెండురోజుల కార్యక్రమంలో ఎక్కడా జరగలేదు.

గని దగ్గరికి తీసుకెళ్లడం చాలా బాగా చేశారు, భద్రత విషయంలో వంక పెట్టడానికి లేదు. చెప్పులతో వచ్చిన పిల్లల్ని గోతి వైపు రానివ్వలేదు, చూసే చోటు దగ్గరే ఆపేశారు. అందరికీ హెల్మెట్లు, మాస్కులు, మెరిసే పట్టీలున్న జాకెట్లు. పొక్లెయిన్లు ఆపేసి ఉన్న టైములో, ఒక ఫోర్‌మన్ వెంట రాగా దింపారు. ఆయన వయసులో పెద్దాయన, మాట తక్కువ. గోతి గోడని నిలువుగా తవ్వకుండా మెట్లు మెట్లుగా ఎందుకు తవ్వుతారో, ఒక్కో మెట్టు ఎత్తుకి తగ్గ వెడల్పు ఎందుకుండాలో కర్రతో నేల మీద గీసి చూపించాడు. వానాకాలంలో మెట్టు అంచు మీద సన్నటి పగులు కనిపిస్తే కింద ఉన్న మనుషుల్ని ముందు పైకి తేవాలి, యంత్రం సంగతి తర్వాత అన్నాడు. పక్కన తెల్లటి మెత్తటి మట్టి, మధ్యలో వంకరగా నల్లటి చార. ఆ చారే మాంగనీసు. ఒక టిప్పరు రాయి కోసం ఎన్ని టిప్పర్ల మట్టి తీయాలో, ఆ మట్టి అంతా ఎటు పోతుందో వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది, గోతి కన్నా ఎత్తుగా గుట్టలున్నాయి. ఏ వీడియో చెప్పలేని విషయం అది.

రాయి ఏరే షెడ్డు దగ్గర ఇంకొకటి జరిగింది. ఆడవాళ్లు వరసగా కూర్చుని సుత్తితో కొట్టి రాయిని, మట్టిని వేరు చేస్తున్నారు. మమ్మల్ని తొందరగా దాటించబోయారు, ఈలోగా మా తొమ్మిదో తరగతి అమ్మాయి "మా పెద్దమ్మండీ మాస్టారూ" అంటూ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. రాయి ఏదో, కాదో ఎలా తెలుస్తుందమ్మా అని అడిగితే ఆవిడ ఒక ముక్క తీసి ఆ పిల్ల అరచేతిలో వేసి, "సేతిలో పడితే తెలిసిపోద్ది, బరువుంటే రాయి, తేలిగ్గుంటే మట్టి" అంది. ముందురోజు యూనివర్సిటీ అమ్మాయి చెప్పిన సాంద్రత పాఠం అది, ఒక్క అంకె లేకుండా. ఆవిడ చేతి మీదుగా ఇరవై ఏళ్లలో ఎంత రాయి వెళ్లిందో. ఇలాంటి మనిషిని బడికి తీసుకొచ్చి, కుర్చీ వేసి, ఆరోజు కూలి ఇచ్చి మాట్లాడించండి అని నిర్వాహకులకి నా గట్టి కోరిక. గని పని అంటే తెలివి కూడా అని పిల్లలకి అంతకన్నా బాగా ఎవరు చెప్తారు?

అక్కడే ఒక కుర్రాడు ఇంకో సంగతి చూశాడు. మా అందరి మొహాలకీ కొత్త మాస్కులున్నాయి, ఆవిడ ముక్కుకి చీరకొంగు చుట్టి ఉంది. "వాళ్లకెందుకండీ లేవు?" అని అడిగేశాడు. ఇస్తాం గానీ వాళ్లు పెట్టుకోరు బాబూ అని ఆఫీసరు జవాబు. ఎందుకు పెట్టుకోవడం లేదో, ఆ ఉక్కలో పెట్టుకునేలాంటి మాస్కు ఏదో కనుక్కోవాల్సింది కంపెనీయే కదా. ఆ జవాబుతో కార్యక్రమం నా పిల్లల దగ్గర చాలా పోగొట్టుకుంది.

దుమ్ము గురించి రెండురోజుల్లో ఒక్క పాఠం లేదు. పలుగురాయి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, వచ్చాక తగ్గించే మందు లేదు, రాకుండా చూసుకోవడమే దారి. డ్రిల్లు వేసేటప్పుడు నీళ్లు వాడటం, రోడ్డు తడపడం, మాస్కు, క్రమం తప్పకుండా ఎక్స్‌రే. మాంగనీసు దుమ్ము ఎక్కువకాలం పీలిస్తే నరాల మీద పడుతుంది, చేతులు వణుకుతాయి, నడక మారిపోతుంది. ఇది నా సొంత భయం కాదు, చట్టం ప్రకారం కచ్చితంగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో సిలికోసిస్‌తో పాటు మాంగనీసు విషప్రభావం కూడా ఉంది. తాత దగ్గు విన్న పిల్లాడికి ఈ ముక్క దాచిపెట్టి, మైనింగ్‌లో బంగారు భవిష్యత్తు ఉంది అంటే వాడు మిగతా ఏదీ నమ్మడు. దుమ్ము సంగతి మీరే ముందు చెప్పి, దాన్ని ఆపడానికి ఏం చేస్తున్నారో చూపిస్తే, ఆ ఆపే పనే చదువుకుంటానని పిల్లల్లో ఒకరైనా లేస్తారు.

మాంగనీసు ఎందుకు కావాలో కూడా ఎక్కడెక్కడి ఫోన్లు, ఎలక్ట్రిక్ కార్లతో చెప్పారు. విజయనగరం జంక్షన్‌ని పక్కన పెట్టుకుని ఆ కథలెందుకు? ఉక్కులో మిగిలిపోయిన గంధకం దాన్ని ఎర్రగా కాలినప్పుడు పగిలేలా చేస్తుంది, మాంగనీసు ఆ గంధకాన్ని పట్టేసుకుంటుంది. తవ్వుతున్న మాంగనీసులో చాలా పెద్ద వంతు ఉక్కుకే పోతుంది. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట రైలు చక్రం దెబ్బ తగులుతూనే ఉంటుంది కదా, అక్కడ పెట్టే క్రాసింగులు మాంగనీసు బాగా కలిపిన ఉక్కుతో పోత పోస్తారు, హ్యాడ్‌ఫీల్డ్ అనే ఆయన 1882లో కనిపెట్టిన రకం, దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడుతుంది. రోజూ రైలెక్కే పిల్లలకి ఇది చెప్తే ప్లాట్‌ఫాం మీద నిలబడి పట్టాల్ని వేరే కళ్లతో చూస్తారు.

ఉద్యోగాల గంట కొంచెం పర్వాలేదు. ధన్‌బాద్‌లో 1926 నుంచి ఉన్న గనుల కాలేజీ, ఇప్పుడది ఐఐటీ, మన తెలుగువాళ్లకి కొత్తగూడెంలో ఉన్న గనుల కాలేజీ, జియాలజీకి ఆంధ్రా యూనివర్సిటీ. ఇవి చెప్పారు. కానీ మా బడిలో ఎక్కువమంది పదో తరగతి అవ్వగానే పాలిసెట్ వైపో, ఐటీఐ వైపో చూసేవాళ్లు. వాళ్లకి దగ్గరి దారులు కావాలి. సర్వేయరు, ఎలక్ట్రీషియను, ల్యాబులో రాయి పరీక్షించే పని, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ పెట్టే పరీక్షలు రాసి తెచ్చుకునే మేట్, బ్లాస్టర్, ఫోర్‌మన్ సర్టిఫికెట్లు. వీటి గురించి ఫోర్‌మన్‌గారే చెప్పారు, అదీ భోజనాల దగ్గర. ఆడపిల్లలు దిగనిస్తారా అని ఒకమ్మాయి అడిగితే జియాలజీ అమ్మాయి సూటిగా చెప్పింది: భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు ఉద్యోగానికి దిగడానికి 2019లో అనుమతి వచ్చింది, 2021లో ఆకాంక్ష కుమారి అనే ఇంజనీరు సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ భూగర్భ గనిలో చేరింది. 18 నిండకుండా, అప్రెంటిస్ శిక్షణ తప్ప, ఎవర్నీ గని పనికి పెట్టుకోకూడదని కూడా చెప్పింది. ఇది మాత్రం మా ఊళ్లో చాలామంది తల్లిదండ్రులు కూడా వినాల్సిన మాట.

ఇక ప్రశ్నల గంట. మా పదో తరగతి కుర్రాడు లేచి, "మా కల్లం పక్కన పాత గొయ్యుందండి, గేదెలు పడిపోతన్నాయి, దాన్నెప్పుడు కప్పెడతారు?" అన్నాడు. అది మా లీజు కాదు అన్నారు, నిజమే కావచ్చు. కానీ అక్కడితో ఆపేస్తే ఎలా? ఇప్పుడు గని తీసుకున్నవాళ్లు మూసివేత ప్రణాళిక ఇచ్చి ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ చేత ఆమోదం చేయించుకోవాలని, దానికి పూచీగా బ్యాంకు గ్యారంటీ లాంటిది పెట్టాలని ఆ పిల్లాడికి చెప్పొచ్చు. 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారని, పాత లీజులవాళ్లు కట్టే రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం అందులో వెయ్యాలని, ఆ డబ్బు ముందుగా తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లలోనే ఖర్చు పెట్టాలని చెప్పొచ్చు. కంపెనీ తన జేబులోంచి కట్టే డబ్బు గురించి కంపెనీయే చెప్పుకోలేదు! పిల్లల ముందు మంచి పేరు తెచ్చుకోవడానికి ఇంతకన్నా నిజమైన సంగతి వాళ్ల దగ్గర ఏముంది? మరుసటి వారం సాంఘిక శాస్త్రం మాస్టారు, నేను కలిసి ఒక పీరియడ్ దీనికే పెట్టాం. ఆ గొయ్యి మీద కలెక్టరుగారికి అర్జీ ఎలా రాయాలో కూడా అందులోనే నేర్పాం.

పిలిచే బడులకి నా సలహాలు. హెడ్మాస్టరు సంతకంతో ఉత్తరం నెల ముందే పెట్టండి, తల్లిదండ్రుల అనుమతి కాగితాలు తీసుకోండి, పిల్లలందరికీ బూట్లు ఉండేలా చూడండి, లేనివాళ్లకి అడిగి తెప్పించండి, లేకపోతే అసలైన చోటు చూడకుండా గట్టు మీదే ఉండిపోతారు, మా పిల్లలు కొందరికి అదే జరిగింది. ఎండాకాలం వద్దు, బాగా వానలప్పుడూ వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. మైకు మనిషి కన్నా జియాలజీ అమ్మాయికి, ఫోర్‌మన్‌కి ఎక్కువ టైమ్ ఇవ్వాలని గట్టిగా అడగండి. బిస్కెట్ ఆట పూర్తిగా ఆడించమనండి. పిల్లల ప్రశ్నలు కాగితం మీద రాయించి ముందే పంపండి, దుమ్ము, గోతులు, ఖనిజ నిధి ఈ మూడూ అందులో ఉండాలి, జవాబు చెప్పగలిగిన మనిషినే పంపమనండి.

రాళ్ల పెట్టెకి, గని చూపించిన తీరుకి ఐదుకి ఐదు. వీడియోకి, వీఆర్‌కి ఒకటి. ప్రశ్నల గంటకి ఒకటిన్నర. మొత్తం మీద ఐదుకి మూడు ఇస్తున్నాను. ఈ మాటలన్నీ ఉత్తరంగా రాసి కంపెనీ వాళ్లకీ పంపాను, వచ్చే ఏడాది రాళ్ల పెట్టె ఒకటి బడికే వదిలేస్తామని ఫోన్‌లో చెప్పారు, మిగతా వాటికి ఇంకా జవాబు రాలేదు.